రిజిస్టరు సరిగా ఉంటేనే...

హాస్టల్‌లో ఒకరు ఖాళీచేసిన చోటును వార్డెన్ సారు రిజిస్టరులో ఇంకొకరికి రాస్తారు. వెళ్లినవాడు తిరిగొచ్చి అక్కడే పెట్టె పెడితే గొడవే. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో మెమరీ పంచే అలొకేటర్ పనీ ఇలాంటిదే. సి భాషలో, వదిలేసిన మెమరీని మళ్లీ వాడినా కంపైలర్ సాధారణంగా ఆపదు. రస్ట్ భాషలో ఒక్కో చోటుకు ఒక్కరే యజమాని. ఇలాంటి తప్పును కంపైలర్ ముందే పట్టేస్తుంది. 2022 డిసెంబరులో లినక్స్ 6.1 ఆ భాషకు చోటిచ్చింది.

ఇక భయం లేదనుకోవడం మాత్రం పొరపాటని నా అభిప్రాయం. అలొకేటర్ లోపల నేరుగా అడ్రసులతోనే పని. అక్కడ 'అన్‌సేఫ్' అని రాయక తప్పదు. ఆ కొన్ని లైన్లకు పూచీ మనిషిదే. రిజిస్టరే తప్పయితే గొడవ ఎలా తీరుతుంది? కనుక పాయింటర్లు ముందు గట్టిగా నేర్చుకోండి. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే; 'ఇవన్నీ మనకెందుకు' అని నేనూ జంకాను. లినక్స్ కోడ్ ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. నిడమనూరు పిల్లలమూ చదువుదాం.