దయ్యమని కేక వేసేముందు



మొన్న ఉపవాస కూటంలో ఒక సహోదరి తన భర్తను తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన నాటి నుంచి మనిషి మారిపోయాడట. గట్టిగా మాట్లాడి ఎరుగనివాడు ఇప్పుడు చిన్న మాటకే చేతికందింది విసురుతున్నాడు, బిడ్డలను కొడుతున్నాడు. ఆమె చెప్పడం పూర్తి కాకముందే వెనుక నుంచి "కోపపు దయ్యం, కోపపు దయ్యం" అని కేకలు. మాకు సిగ్గు వేసింది. పదేళ్ల క్రితమైతే ఆ కేక మేమే వేసేవాళ్లం.

దేహంలో మెదడు కూడా ఒక అవయవమే. నుదుటి వెనుక ఉన్న భాగం బండికి బ్రేకు వంటిది. లోపల కోపమో దురాశో లేచినప్పుడు "ఆగు" అనేది అదే. దెబ్బ తగిలినా, గడ్డ లేచినా ఆ బ్రేకు పట్టకపోవచ్చు.

2000లో అమెరికాలోని వర్జీనియాలో ఒక ఉపాధ్యాయుడికి 40 ఏళ్ల వయసులో చిన్నపిల్లల విషయంలో నీచమైన బుద్ధి మొదలైంది. అంతకుముందు అతనిలో అది లేదు. నేరం రుజువైంది. తెల్లవారితే శిక్ష అనగా, ఆ రాత్రి భరించలేని తలనొప్పితో ఆసుపత్రికి పోయాడు. స్కానింగ్‌లో మెదడు ముందుభాగాన్ని నొక్కుతూ పెద్ద గడ్డ కనబడింది. అది తీసేశాక ఆ బుద్ధి పోయింది. కొంతకాలానికి మళ్లీ తలనొప్పి, మళ్లీ అదే బుద్ధి. చూస్తే గడ్డ తిరిగి పెరిగింది. మళ్లీ తీశారు, మళ్లీ తగ్గింది. ఏ దయ్యమైనా ఆపరేషన్ కత్తికి ఇలా వెళ్లి వస్తుందా? మా కూటంలో కేక వేసినవారే చెప్పాలి.

"అయితే పాపం లేదా పాస్టరుగారూ, అంతా మెదడేనా?" అని అడుగుతారు. మేము అలా అనడం లేదు. తాను చేసేది తప్పని ఆ ఉపాధ్యాయుడికి తెలుసు, ఆపుకోలేకపోయాడు. తలలో గడ్డ ఉండి కూడా ఈగకైనా హాని చేయనివారు ఎందరో ఉన్నారు. కానీ తూకం అందరికీ ఒకటి కాదు. లూకా 12లో యజమాని చిత్తం తెలిసి తప్పిన దాసునికి ఎక్కువ దెబ్బలు, తెలియక తప్పినవానికి తక్కువ. సంఖ్యాకాండం 35లో పగతో చంపినవాడు వేరు, పొరపాటున చంపినవాడు వేరు, రెండవవానికి ఆశ్రయపురములున్నాయి. దేవుడే ఇంత చూసి తూచితే, మనం ఒక్క కేకతో తేల్చేస్తామా?

బైబిలులో దయ్యాలు లేవా అంటే, ఉన్నాయి, మేమూ నమ్ముతాం. అయితే మత్తయి 4:24 తీసి చదవండి. దయ్యము పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు అక్కడ వేర్వేరుగా ఉన్నారు. 17వ అధ్యాయంలో రెండూ ఒకే పిల్లవాడిలో కనబడతాయి, నిజమే. కానీ అక్కడ లోపలిది చూసి పలికినవాడు యేసు, మనం కాదు.

ఇందులో మరో ఘోరం ఉంది. ఇలాంటి ఇళ్లలో దెబ్బలు తినే భార్యను "లోబడి ఉండు, ప్రార్థన చేసుకో" అని మళ్లీ ఆ ఇంటికే పంపుతున్నాం. ఆ రాత్రి ఏమైనా జరిగితే లెక్క అప్పగించాల్సింది ఎవరు? రోగం ఉన్నవాడిని ప్రేమించడమంటే అతని చేతికి అందేంత దూరంలో బిడ్డలను పడుకోబెట్టడం కాదు.

ఆ సహోదరిని, బిడ్డలను పుట్టింటికి పంపాము. అతనికి నూనె రాసి ప్రార్థించాము. మరునాడు ఇద్దరు సంఘ పెద్దలు అతణ్ణి తీసుకొని టౌనులో నరాల డాక్టరు దగ్గరకు వెళ్లారు. మీ ఇంట్లో ఇటువంటి మార్పు కనబడితే మాకు చెప్పండి, లేదా ప్రభుత్వం వారి టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేయండి, డబ్బులు అడగరు. అతని బస్సు ఖర్చు, స్కానింగ్ ఖర్చు కానుక పెట్టెలో నుంచే ఇచ్చాము. దానికి అభ్యంతరం ఉన్నవారు ఆదివారం ఆరాధన అయ్యాక మా దగ్గరకు రండి.