చిట్టెలుకకు నయమైతే మనిషికి నయమైనట్లేనా?

ఫలానా మూలికతో ఎలుకలలోని కణితి కరిగిపోయిందన్న కరపత్రం చూసినప్పుడు, ఇంట్లో కేన్సర్ రోగి ఉన్నవారికి ప్రాణం లేచివస్తుంది. ఆ ఆశను తప్పుపట్టలేము. అయితే సాక్షాత్తు అల్లోపతి వైద్యమే ఒకప్పుడు ఇటువంటి ఆశతో ఎంత దూరం పోయి తిరిగివచ్చిందో తెలుసుకోవడం మనకు మేలు.

ఆయుర్వేదం చెప్పిన సప్తధాతువులలో మజ్జ ఆరవది. రక్తకణాలు పుట్టేది ఎముకల మజ్జలోనేనని ఆధునిక శాస్త్రం చెబుతున్నది. తీవ్రమైన ఎక్స్‌రే కిరణాలకు గురైన చిట్టెలుకలను మజ్జ ఎక్కించి బ్రతికించవచ్చునని 1951లో అమెరికాలో లోరెంజ్ బృందం చూపింది. ఈ మార్గమే కాలక్రమంలో మనుషులలో రక్త కేన్సర్‌కు చికిత్స అయింది. అందుకు కృషిచేసిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది. ఈ విజయం నిజమైనదే.

చిక్కు వచ్చింది గడ్డలుగా పెరిగే కేన్సర్ల విషయంలో. మందు మోతాదు పెంచినకొద్దీ ఎలుకలలో కణితి మరింతగా నశించింది. మనిషిలో అంత మోతాదు ఇస్తే మజ్జ చచ్చిపోతుంది. కనుక రోగి మజ్జనే ముందుగా తీసి భద్రపరచి, మందు ఇచ్చిన పిమ్మట తిరిగి ఎక్కిస్తే సరిపోతుందని భావించారు. సరియైన పరీక్షలు ముగియకమునుపే అమెరికాలో వేలాది రొమ్ము కేన్సర్ రోగులు ఈ చికిత్స పొందారు. ఖర్చు భరించలేదని 1993లో ఒక బీమా సంస్థపై 8.9 కోట్ల డాలర్ల తీర్పు కూడా వచ్చింది.

1999లో పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. దక్షిణాఫ్రికాకు చెందిన ఒక్కటి తప్ప మిగిలినవి అదనపు ప్రయోజనం చూపలేదు. ఆ ఒక్కటీ తప్పుడు వివరాలతో కూడినదని 2000లో తనిఖీలో తేలింది. వ్యాధి ఇతర అవయవాలకు వ్యాపించినవారిపై జరిగిన అమెరికా పరీక్షలో, మూడేళ్ల తరువాత జీవించి ఉన్నవారు మజ్జ చికిత్స పొందినవారిలో నూటికి 32 మంది, మామూలు చికిత్స పొందినవారిలో 38 మంది. ఆ యాతనంతా ఎవరికి మేలు చేసినట్లు?

ఎలుకలో కణితిని మనమే నాటుతాము. అది కొద్ది వారాలలో పెరుగుతుంది. మనిషిలో అది ఏళ్ల తరబడి పెరిగి, అవయవాలకు ప్రాకుతుంది.

ఈ కొలబద్దను మన మూలికలకు కూడా వర్తింపజేయాలి. పసుపులోని కర్క్యుమిన్ ఎలుకలలో కణితులను తగ్గించినట్లు అనేక పరిశోధనలున్నాయి. కాని మనం తిన్న పసుపులోనిది రక్తంలోకి చేరేది అత్యల్పం. వంటింట పసుపు ఉండవలసినదే. దానిని నమ్మి శస్త్రచికిత్స వాయిదా వేయరాదు.

ఎవరైనా కేన్సర్‌కు మందు ఉన్నదంటే అడగండి: మనుషులపై పరీక్షించారా? ఎందరిపై? మామూలు చికిత్సతో పోల్చి చూశారా? అర్బుదాన్ని శేషం మిగలకుండా తొలగించాలని, మిగిలితే మరల పెరుగుతుందని సుశ్రుతుడే హెచ్చరించాడు. కాలయాపన చేయమని మన శాస్త్రం ఏనాడూ చెప్పలేదు.