రాకుమారి సరే, సవతి తల్లి మాటేమిటి?

ఒక బస్తీ గ్రంథాలయంలో కొంతకాలం పిల్లలతో కలిసి బొమ్మల పుస్తకాలు చదివాను. ఒకరోజు స్నో వైట్ కథ వంతు వచ్చింది. నల్లబట్టల్లో, కోరచూపుతో అద్దం ముందు నిలబడ్డ రాణి బొమ్మ రాగానే పిల్లలంతా "రాక్షసి" అని అరిచారు. పదేళ్ళ పిల్ల ఒకతె మాత్రం మెల్లగా, "మా చిన్నమ్మ గిట్ల ఉండదు మేడం" అంది. ఆ చిన్నమ్మ వాళ్ళ నాన్న రెండో భార్య అని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నాకేం చెప్పాలో తోచలేదు.

పాత అద్భుత కథల్ని పిల్లల కోసం గ్రాఫిక్ నవలలుగా తిరగరాయడం ఇంగ్లీషులో చాలాకాలంగా జరుగుతోంది. రాకుమారుడి కోసం ఎదురుచూడకుండా తన కాళ్ళమీద తాను నిలబడే రాకుమారిని చూసి మనమంతా సంతోషిస్తున్నాం. సంతోషించాల్సిందే. కానీ ఒక కథ స్త్రీల పక్షాన మారిందో లేదో తేల్చడానికి నాయిక ఒక్కతినే చూస్తే సరిపోదనీ, ఆ కథలోని మిగతా ఆడవాళ్ళు ఏమయ్యారో కూడా చూడాలనీ నాకనిపిస్తోంది.

"పాత కథల్ని మార్చడానికి మీరెవరు?" అని అడిగేవాళ్ళున్నారు. ఆ కథలు ఎప్పుడూ మారుతూనే వచ్చాయి. గ్రిమ్ సోదరులు 1812లో వేసిన మొదటి ముద్రణలో స్నో వైట్‌ని చంపించాలనుకున్నది కన్నతల్లే. 1819 నాటికి ఆమె సవతి తల్లి అయింది. హాన్సెల్, గ్రెటెల్ అనే అన్నాచెల్లెళ్ళని అడవిలో వదిలేద్దామన్న కన్నతల్లి కూడా 1840 నాటికి సవతి తల్లిగా మారిపోయింది. మొదటి ముద్రణలో రపంజెల్, తన బట్టలు ఎందుకు బిగుతవుతున్నాయని అమాయకంగా అడుగుతుంది. ఆమె గర్భవతి అని చెప్పే ఆ మాటని తర్వాత తీసేశారు. ఈ కథల్లో చాలావాటిని ఆ సోదరులకి చెప్పింది స్త్రీలు. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో నిర్ణయించింది మాత్రం పురుషులు. మాతృత్వానికి మచ్చ రాకూడదు కాబట్టి ఆ మచ్చంతా రక్తసంబంధం లేని స్త్రీ నెత్తిన రుద్దారు.

ఆ కాలపు ఐరోపాలో కాన్పుల్లో తల్లులు చనిపోవడం, తండ్రులు మళ్ళీ పెళ్ళి చేసుకోవడం మామూలు విషయం. మన దగ్గరా కట్నం ఇచ్చుకోలేని ఇంటి ఆడపిల్లని రెండో సంబంధానికి ఇవ్వడం మనకి తెలియంది కాదు. తనకంటే ఎంతో పెద్దవాడింటికి, తను కనని పిల్లల మధ్యకి, ఏ హక్కూ లేకుండా అడుగుపెట్టే ఆమె భయాల గురించి కథ మాట్లాడదు. తండ్రినీ అడగదు. హాన్సెల్ కథలో పిల్లల్ని వదిలెయ్యడానికి ఒప్పుకున్న తండ్రి, చివరికి పిల్లలు తెచ్చిన సంపదతో సుఖంగా బతుకుతాడు. భార్య చచ్చిపోతుంది. అంతెందుకు, "మా బస్తీపై ప్రభుత్వం సవతి తల్లి ప్రేమ చూపుతోంది" అని మన వినతిపత్రాల్లో మనమే ఎన్నిసార్లు రాయలేదు?

బొమ్మల కథలో ఈ సమస్య మరింత పెద్దదవుతుంది. కథ చెప్పే అమ్మమ్మ "చెడ్డ రాణి" అని ఊరుకుంటే ముఖాన్ని వినేవాళ్ళే ఊహించుకుంటారు. బొమ్మ వేసేవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. రంగు, ముక్కు, ముడతలు, నడుం వంపు అన్నీ వాళ్ళే నిర్ణయించాలి. చెడ్డతనాన్ని ముసలితనంగా, ఒంటరితనంగా, నల్లదనంగా గీస్తే పిల్లలు దాన్నలాగే నేర్చుకుంటారు. చేతబడి చేసిందన్న అనుమానంతో వయసుమళ్ళిన ఒంటరి స్త్రీలపై దాడులు జరిగిన నేలమీద ఉంటూ, ఇది బొమ్మే కదా అని వదిలెయ్యలేం.

నేను చదివిన వాటిలో మూడు పుస్తకాల గురించి చెబుతాను. మాట్ ఫీలన్ 'స్నో వైట్' (2016) కథని ఆర్థిక మాంద్యం నాటి న్యూయార్క్‌కి తీసుకెళుతుంది. బొమ్మలు ఎంతో బాగున్నాయి. మరుగుజ్జుల బదులు వీధి బాలురు వచ్చారు. సవతి తల్లి రంగస్థల నటి అయింది. కానీ ఆమె దుర్మార్గం పాతదే. షానన్ హేల్, డీన్ హేల్ రాయగా నేథన్ హేల్ బొమ్మలు వేసిన 'రపంజెల్స్ రివెంజ్' (2008)లో రపంజెల్ తన జడలనే కొరడాలుగా వాడుతుంది. నాకు అంతకంటే నచ్చింది వేరే ఉంది. అందులో మంత్రగత్తె చెడ్డతనం అసూయ నుంచి రాలేదు. నేలమీద పంట పండాలా వద్దా అన్నది ఆమె చేతిలో ఉంది, మనుషులతో గనుల్లో వెట్టిచాకిరీ చేయిస్తుంది. రపంజెల్ కన్నతల్లి కూడా ఆ గనుల్లోనే ఉంది. అంటే పోరాటం అధికారం మీద. ట్రంగ్ లె న్యూయెన్ 'ద మ్యాజిక్ ఫిష్' (2020)లో అమెరికాకి వలస వచ్చిన వియత్నామీ తల్లి, ఆమె కొడుకు కలిసి అద్భుత కథలు చదువుకుంటారు. తను అబ్బాయిల్ని ఇష్టపడతానని తల్లికి చెప్పడానికి ఆ కొడుక్కి ఆమె భాషలో మాట దొరకదు. చివరికి ఆ తల్లే ఒక కథ ముగింపుని మార్చి చెప్పి, నువ్వెలా ఉన్నా నా బిడ్డవేనని తెలియజేస్తుంది. కథని మార్చే హక్కు ఒక తల్లి చేతికి రావడం నన్ను కదిలించింది.

మరుసటి వారం గ్రంథాలయంలో పిల్లలకి తెల్లకాగితాలిచ్చి, స్నో వైట్ చిన్నమ్మని మీకు తోచినట్టు గియ్యమన్నాను. ఆ అమ్మాయి, ఒకామె ఒక పిల్లకి జడవేస్తున్న బొమ్మ గీసింది. నాన్న ఏడీ అనడిగితే "డ్యూటీకి పోయిండు" అంది.

బడుల్లో, బస్తీ కేంద్రాల్లో పిల్లలకి పుస్తకాలు ఎంపికచేసే మిత్రులకి నాదొక విన్నపం. నాయిక ధైర్యవంతురాలా అని చూడండి. దాంతోపాటు, ఇందులో ముసలామెని ఎలా గీశారు, సవతి తల్లికి ఒక్క పేజీ అయినా దక్కిందా, తండ్రిని ఎవరైనా ప్రశ్నించారా అని కూడా చూడండి. సరైన పుస్తకం దొరక్కపోతే పిల్లల చేతికి కాగితం, పెన్సిలు ఇవ్వండి. వాళ్ళు గీసిన కథల్ని మాకు పంపండి. ఈ పత్రికలో వాటికి తప్పక చోటుంటుంది.