నడచు చుక్కలును మన యిండ్ల భయములును

కొన్నియేండ్ల క్రిందట నొక శీతకాలపు సాయంకాలమున నంద్యాల మేడలమీఁద నున్నవారికి ఆకాశమునఁ గొన్ని దీపములు బారుగాఁ గనఁబడెను. దారమునఁ గ్రుచ్చిన పూసలవలె నొకదాని వెనుక నొకటిగా, చప్పుడు లేక, వాయవ్యమునుండి ఆగ్నేయమునకు సాగిపోవుచు, నడిమిన్ను దాఁటిన పిమ్మట నొక్కొక్కటియే మాయమయ్యెను. చూచినవారిలోఁ గొందఱు నమస్కరించిరి. కొందఱు తలుపులు మూసికొనిరి. మఱునాఁడు మా బడిలోఁ దొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలిక కన్నీరు పెట్టుకొని మాతోఁ జెప్పిన సంగతి యిది: వారి యింట నేడవ నెల గర్భిణియైన వదినెను, గ్రహణమునాఁటివలెఁ జీఁకటిగదిలో నుంచి, తెల్లవాఱుదాఁక మంచినీరైన నీయలేదఁట. "అవి ఉపగ్రహములని బడిలోఁ జెప్పినారు" అని యీ పిల్ల యనఁగా, పెద్దవారు నోరు మూయించిరఁట. ఆ యింటి యజమానుఁడు చదువురానివాఁడు కాఁడు, పట్టభద్రుఁడు. ఉదయముననే పురోహితుని బిలిపించి శాంతి చేయించెను. శాంతికైన వ్యయమునకై మేము విచారింపము. ఒక గర్భిణి రాత్రియెల్ల దప్పికతో నుండుటకును, తెలిసిన పిల్ల తెలియనివారి యెదుట మౌనము వహింపవలసి వచ్చుటకును విచారించుచున్నాము.

ఆ దీపము లెవ్వియో ముందుగాఁ జెప్పెదము. 2019 వ సంవత్సరము మే నెలనుండి అమెరికా దేశపు స్పేస్‌ఎక్స్ అను సంస్థ స్టార్‌లింక్ అను పేరుగల యుపగ్రహములను గుంపులుగా నంతరిక్షమునకుఁ బంపుచున్నది. మొదటి గుంపునఁ బంపినవి 60. ప్రయోగించిన తరువాతఁ గొన్నిదినములు అవి దగ్గఱదగ్గఱగా నొకే త్రోవను బోవును గనుక బారుగాఁ గనఁబడును. పిదప మఱింత యెత్తున కెక్కి యెడమెడమై విడిపోవును. వీనికి సొంత వెలుఁగు లేదు. సూర్యుఁ డస్తమించి మన కిక్కడఁ జీఁకటిపడినను, కొన్ని వందల కిలోమీటర్ల యెత్తున నున్న వస్తువునకు మఱికొంతసేపు ఎండ తగులుచునే యుండును. ఆ యెండలో నది మెఱయును. కాఁబట్టియే యిట్టి యుపగ్రహములు ప్రొద్దుగ్రుంకిన పిమ్మటఁ గొంతసేపును, తెల్లవాఱుటకు ముందుఁ గొంతసేపును మిక్కిలిగాఁ గనఁబడును. నడుమ మాయమగుట మహిమ కాదు, భూమినీడలోఁ బ్రవేశించుట. చంద్రగ్రహణమునఁ జంద్రునిఁ గప్పు నీడయే యిదియును.

వీనిని గుర్తించుట పిల్లలకు సాధ్యమైన పని. విమానమున కెఱ్ఱని పచ్చని దీపములు మిణుకుమిణుకు మనుచుండును. ఉపగ్రహమున కట్టి దీపములు లేవు. ఉల్క రెప్పపాటున రాలిపోవును. ఉపగ్రహము కొన్ని నిమిషములపాటు నిలుకడగా నడచును. 1998 వ సంవత్సరమునఁ గట్ట నారంభించిన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము సుమారు 400 కిలోమీటర్ల యెత్తున నుండి, గంటన్నరకుఁ గొంచెము మించిన కాలములో భూమిని జుట్టివచ్చును. 2025 వ సంవత్సరమున మన దేశీయుఁడైన శుభాంశు శుక్లా యందు నివసించి వచ్చెను. మనుష్యులు కాపురమున్న దీపమును జూచి యరిష్టమని మనము తలుపులు మూసికొనుచున్నాము!

మఱియొక చోద్యము. ఆ పట్టభద్రుని మేడమీఁదనే టెలివిజన్ కొఱకు బిగించిన డిష్ ఒకటి కలదు. అది రేయింబవళ్లు ఆగ్నేయపు టాకసమువైపు చూచుచుండును. భూమధ్యరేఖకుఁ బైన, సుమారు 35,800 కిలోమీటర్ల యెత్తున నొక యుపగ్రహము భూభ్రమణముతో సమానముగాఁ దిరుగుచు మనకు నిలిచియున్నట్లే యుండును. డిష్ చూచునది దానినే. నిలిచిన యుపగ్రహము పంపు బొమ్మలను ఇంటిల్లిపాదియుఁ గూర్చుండి చూతురు. నడచు నుపగ్రహమును జూచి వడఁకుదురు. ఇది యెక్కడి న్యాయము?

పల్లెలలోని చదువులేనివారు భయపడిరన్న నర్థము కలదు. 1973 వ సంవత్సరమున అమెరికావా రెగురవేసిన స్కైలాబ్ అను అంతరిక్షశాల 1979 వ సంవత్సరమునఁ గూలిపోవునని తెలిసినప్పుడు, మన తెలుగు పల్లెలలో ననేకులు ప్రళయమే వచ్చునని తలఁచి, కోళ్లను మేఁకలను గోసికొని తినిరని మా పెద్దలు చెప్పఁగా వింటిమి. ఆ దినములలోఁ బుట్టిన కొందఱు బిడ్డలకు స్కైలాబ్ అనియే పేరు పెట్టిరి. తుదకు జూలై 11 వ తేదీన నది హిందూమహాసముద్రమునను పశ్చిమ ఆస్ట్రేలియాలోను ముక్కలై పడెను. ఎవ్వరికిని గాయము తగులలేదు. నాఁటి భయమునకుఁ గారణ ముండెను: పెద్ద వస్తువొకటి నిజముగాఁ బడఁబోవుచుండెను. నేఁడు పడనిదానికి, చేతిలో సెల్‌ఫోను పట్టుకొని, చదువుకొన్నవారు భయపడుచున్నారు. ఆ ఫోనులోనే నిజమును దెలిసికొనవచ్చును. కాని వారు చేయునది తమ భయమును నూఱుగురికిఁ బంచుట.

"పెద్దలు పంచాంగము చూచి చెప్పినది తప్పగునా?" అని కొంద ఱడుగుదురు. పంచాంగమునందలి గణితమును మేము నిందింపము. గ్రహణము పట్టు ఘడియను ముందుగాఁ జెప్పువాఁడు మాకు వందనీయుఁడు. కాని 2022 వ సంవత్సరము ఏప్రిల్ 2 వ తేదీని, శుభకృత్ సంవత్సరపు ఉగాదినాఁడు, ఏమి జరిగినదో జ్ఞప్తికిఁ దెచ్చుకొనుఁడు. ఉదయమున ఊరూర పంచాంగశ్రవణము జరిగెను. ఆ రాత్రి మహారాష్ట్రమున ఆకాశమును జీల్చుచు మండు గీఁతలు గనఁబడెను. తెలంగాణమునకు సరిహద్దునఁ గల చంద్రపూర్ జిల్లాలో నొక గొప్ప లోహపు వలయము పడెను. ఉదయము ఫలములు చదివినవారిలో దీనిని జెప్పినవా రెవ్వరు? అది చైనావారి రాకెట్టు శకలమని కక్ష్యలను లెక్కించువారు నిర్ణయించిరి.

"ఆ శాస్త్రజ్ఞులు మాత్ర మచ్చటనే పడునని ముందుగాఁ జెప్పిరా?" అని మాఱుప్రశ్న వేయవచ్చును. చెప్పలేదు. పైగాలి యొకప్పుడు దట్టమై యొకప్పుడు పలుచనై యుండును గనుక, పడిపోవు వస్తువు చోటును గడియయు నిశ్చయించుట దుర్ఘటమని వారే యొప్పుకొందురు. తమ యెఱుక యెంతవఱకో చెప్పువానిని నమ్మవచ్చును. జరిగిన పిమ్మట "నాకు ముందే తెలియును" అని దక్షిణకుఁ జేయిచాఁచువానిని నమ్మరాదు.

"ఇవన్నియు మన ఋషు లెఱిఁగినవే" అని గర్వించువారును గలరు. మేమును సంస్కృతము చదివినవారమే. క్రీస్తుశకము 499 ప్రాంతమున ఆర్యభటుఁడు, పడవలోఁ బోవువానికి ఒడ్డునందలి వస్తువులు వెనుకకుఁ బోవునట్లు తోఁచునట్లే, తిరుగు భూమిమీఁద నున్న మనకు నక్షత్రములు పడమటికిఁ బోవునట్లు తోఁచుచున్నవని చెప్పెను. బ్రహ్మగుప్తుఁడు దానిని ఖండించెను. పూర్వులు ఒకరి మాటను మఱియొకరు పరీక్షించిరి; అదియే వారి గొప్పతనము. 1975 వ సంవత్సరము ఏప్రిల్ 19 వ తేదీని సోవియట్ దేశమునుండి యెగసిన మన మొదటి యుపగ్రహమునకు ఆర్యభటుని పేరే పెట్టిరి. 1980 వ సంవత్సరము జూలై 18 వ తేదీని మన శ్రీహరికోటనుండియే, మన రాకెట్టుమీఁదనే, రోహిణి కక్ష్యను జేరెను. ఆర్యభటుని పేరు చెప్పి గర్వించుచు, ఉపగ్రహమును జూచి కోడలికి నీళ్లు మానుపువారి గర్వమునకు విలువ యేమి?

"శాంతి చేయించినచో నష్టమేమి?" అనుట కడపటి యాక్షేపణ. నష్టమును ఆ చీఁకటిగదిలోని గర్భిణి నడుగుఁడు.

ఆ సంగతి విన్న నెలలోనే మేము ఆళ్లగడ్డలో బంధువుల యింటి కేఁగితిమి. అచ్చటి పిల్లలతో, "రేపు సాయంకాలము ఏడు గంటలకు నాలుగు నిమిషము లుండఁగా నైరృతిమూల నొక చుక్క లేచును, నల్లమల వైపునకుఁ బోవుచుఁ గొండలపైకి దిగకముందే మాయమగును" అని చెప్పితిమి. ఇది మా మహిమ కాదు. అంతరిక్ష కేంద్రము వచ్చు సమయమును నాసావారు ఊరూరికిఁ బ్రకటించుచునే యున్నారు. మఱునాఁడు ఇంటివారందఱును మేడమీఁదఁ జేరిరి. చెప్పిన గడియకుఁ జెప్పిన మూలను జుక్క లేచి, నడచి, నల్లమలపైన నీడలో మునిఁగెను. డెబ్బది దాఁటిన యింటి యవ్వ దండము పెట్టుటకుఁ జేతు లెత్తినది, దించి మావైపు తిరిగి, "అయ్యవారూ, మళ్లా ఎప్పుడొస్తాది?" అని యడిగెను. "ఏమి కీడు" అని యడుగలేదు.

గృహస్థులారా, గృహిణులారా! వచ్చు సమయము తెలిసినదానికి భయము నిలువదు. తరువాతి పర్యాయము ఆ దీపములు కనఁబడినప్పుడు తలుపులు మూయకుఁడు. గర్భిణికిఁ గడుపునిండ నన్నమును నీరును బెట్టి, ఆమెనుగూడ మేడమీఁదికిఁ దోడ్కొనిపొండు. బడికిఁ బోవు పిల్లను దగ్గఱకుఁ బిలిచి, "అమ్మా, అది యేమి?" అని యడుగుఁడు. ఆమె చెప్పును, మీరు వినుఁడు.