పోలీసుల మీదే ఆరోపణ వస్తే నిఘా ఎవరిది?

నేరెళ్ల వార్త మొదట ఇసుక లారీల గొడవగానే బయటికొచ్చింది. 2017 జూలై 2న ఇసుక లారీ గుద్ది ఒక మనిషి చనిపోతే, కడుపు మండిన జనం లారీలు తగలబెట్టారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకపోయిన వాళ్లలో ఎక్కువమంది దళితులు. కస్టడీలో తమను చిత్రహింసలు పెట్టారన్న వాళ్ల మాట సిరిసిల్ల దాటడానికి వారాలు పట్టింది. హక్కుల సంఘాలు, దళిత సంఘాలు కదిలాక, వ్యవహారం హైకోర్టుకెక్కాక, జూలై చివర్లో మీరా కుమార్ వచ్చిపోయాక స్థానిక ఎమ్మెల్యే, అప్పటి మంత్రి కేటీఆర్ ఆగస్టులో బాధితులను కలిశారు. ఒక ఎస్‌ఐని సస్పెండ్ చేశారు.

మరి అప్పటిదాకా చట్టం చెప్పిన నిఘా ఏమైనట్టు? అట్రాసిటీ నిబంధనలు (1995) 17వ నియమం ప్రకారం ప్రతి జిల్లాలో విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి, మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. కలెక్టర్ అధ్యక్షుడు. ఎంపీ, ఎమ్మెల్యేలతో పాటు జిల్లా ఎస్పీ కూడా సభ్యుడే. చిక్కు అక్కడే ఉంది. దాడి చేసింది ఊరి దొర అయితే ఈ కమిటీ పోలీసులను నిలదీయొచ్చు. కొట్టింది పోలీసులే అయితే, వాళ్ల పై అధికారి ముందు కూర్చుని బాధితుడు ఏం చెప్పుకోవాలి? దళిత ప్రతినిధులకు అందులో చోటుంది, కానీ వాళ్లను నియమించేది కూడా ప్రభుత్వమే.

అందుకే బయటి నిఘా కావాలి. జగిత్యాల, సిరిసిల్లలకు ఇది కొత్త పాఠం కాదు. 1978లో ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినప్పటి నుంచి ఇక్కడ పౌరహక్కుల పని ప్రాణాల మీదికి తెచ్చుకునే పనే. జగిత్యాల న్యాయవాది గోపి రాజన్నను 1985లో చంపేశారు.

అయితే మన నిజనిర్ధారణలు చాలాసార్లు ఆలస్యంగా వెళ్తాయి, ప్రెస్‌మీట్‌తో ఆగిపోతాయి. దెబ్బలు అంతకాలం ఆగవు, మానిపోతాయి. మనిషిని ఎత్తుకపోయిన రాత్రే స్టేషన్‌కు పోయి టైము రాసుకునేవాళ్లు, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టారా అని చూసేవాళ్లు, దెబ్బలు రికార్డు చేయమని కోర్టులో అడిగే వకీలు కావాలి. డీకే బసు తీర్పు (1996) కస్టడీలో ఉన్నవాళ్లకు 48 గంటలకోసారి వైద్యపరీక్ష చేయించాలన్నది. ఆ కాగితం లేకుంటే చిత్రహింస ఉత్త ఆరోపణగానే మిగిలిపోతుంది.

సిరిసిల్ల, జగిత్యాల 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. నేరెళ్ల నాటికి సిరిసిల్ల జిల్లా వయసు తొమ్మిది నెలలు. కోరుట్ల లాంటి రెవెన్యూ డివిజన్లలోనూ కమిటీలు ఉండాలని నిబంధనలు ఇప్పుడు చెప్తున్నాయి. అవి ఎన్నిసార్లు కూర్చున్నాయి, ఏ కేసులు చర్చకొచ్చాయి, ఎవరు సంతకం పెట్టారు? విద్యార్థి మిత్రులు మీటింగ్ మినిట్స్ కోసం ఆర్‌టీఐ దరఖాస్తు వేయొచ్చు. ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.