మనం కొట్టిన మందే మన పిల్లల కంచంలో

తెల్లవారకముందే బోయిన్‌పల్లి మార్కెట్ యార్డులో కూరగాయల లారీలు దిగుతాయి. వంకాయ, టమాట, బెండ, పచ్చిమిర్చి అక్కడి నుంచి సికింద్రాబాద్ బస్తీల్లోని తోపుడు బండ్లకు, హోటళ్లకు, హాస్టళ్ల వంటశాలలకు పోతాయి. కిలో ఎంత అని అడిగేవాళ్లు వందలమంది. నిన్నో మొన్నో దీనిమీద ఏం మందు కొట్టారని అడిగే నాథుడు లేడు. కొట్టిన కూలీకి మాత్రం తెలుసు. పల్లెలో అతడు మందు డబ్బా వీపుకు తగిలించుకుంటే, పట్నం సంక్షేమ హాస్టల్లో అతని బిడ్డ అదే వంకాయ కూరతో అన్నం తింటున్నది.

పురుగుమందంటే తాగితే చచ్చేది, కొడుతుంటే కళ్లు తిరిగేది అనే మనకు తెలుసు. ఇంకో పని కూడా కొన్ని మందులు చేస్తాయి. ఆడపిల్ల ఈడేరడం, మగపిల్లవాడి గొంతు మారడం, ఒళ్లు ఎదగడం, ఇవన్నీ హార్మోన్లు నడిపే పనులు. కొన్ని మందులు చాలా తక్కువ మోతాదులోనే ఈ హార్మోన్ల పనిలో వేలు పెడతాయి. వాంతులుండవు, నురగ రాదు. అందుకే ఎవరికీ పట్టదు. పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల దాకా ఈ మార్పులు జోరుగా సాగే వయసు గనుక అప్పుడూ ముప్పు ఉంటుంది.

ఇది ఊహ కాదు. కేరళలోని కాసరగోడ్ జిల్లాలో ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడిమామిడి తోటల మీద రెండు దశాబ్దాలకు పైగా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లించింది. జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ అక్కడ మందు పడిన ఊరి బడిపిల్లలను 117 మందిని, మందు పడని చోట 90 మందిని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించింది. అందరూ 10–19 ఏళ్ల మగపిల్లలే. మందు పడిన ఊరి పిల్లల్లో యవ్వన లక్షణాలు ఆలస్యమయ్యాయి, హార్మోన్లలో తేడాలు కనిపించాయి. అయినా మందు ఆగడానికి 2011 మే దాకా పట్టింది. అదీ డివైఎఫ్‌ఐ సుప్రీంకోర్టు గడప తొక్కిన తర్వాత. బాధితులకు తలా 5 లక్షలు ఇమ్మని కోర్టు కేరళ ప్రభుత్వానికి చెప్పింది 2017లో. ఆ ఎండోసల్ఫానే మన పత్తి చేలల్లోనూ ఏళ్ల తరబడి డబ్బాలకు డబ్బాలు పారింది. మన పిల్లలను ఎవరు పరీక్షించారు?

పోయినదాన్ని గురించి ఏడ్వడం ఎందుకంటారా, ఉన్నవి చాలా ఉన్నాయి. తెగుళ్లకు కొట్టే మాంకోజెబ్ సంగతే చూడండి. అది విరిగినప్పుడు, వండేటప్పుడు కూడా, థైరాయిడ్‌ను దెబ్బతీసే పదార్థం పుడుతుంది. యూరప్ దేశాలు 2020లో దాని అనుమతిని పొడిగించలేదు. మన కేంద్ర ప్రభుత్వం అదే ఏడాది మాంకోజెబ్‌తో సహా 27 మందులను నిషేధిస్తామని ముసాయిదా వెలువరించింది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి పూర్తి నిషేధం పడినవి మూడే: డైకోఫాల్, డినోకాప్, మెథోమిల్. కొండను తవ్వి ఎలుకను పట్టారు.

ఇక్కడ కొందరు పట్నం పెద్దలు రైతును దోషిగా నిలబెడతారు. మేము ఒప్పుకోం. మందు కొట్టాక కోతకు ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద ఉంటుంది, చీమతలకాయంత అక్షరాల్లో. సలహా చెప్పేదీ, అప్పు ఇచ్చేదీ, మందు అమ్మేదీ ఒక్కడే దుకాణదారు అయినప్పుడు, ఈ రోజు ధర రేపు ఉండదన్నప్పుడు, కౌలురైతు ఏ ధైర్యంతో ఆగుతాడు? ఆగిన రోజులకు వడ్డీ ఎవడు కడతాడు?

ఆడపిల్లలు తొందరగా ఈడేరుతున్నారంటే బ్రాయిలర్ కోడి మీదకు నెట్టేసేవాళ్లూ ఉన్నారు. దానికి గట్టి రుజువు మాకైతే కనబడలేదు. సలసల కాగే సాంబారును ప్లాస్టిక్ కవర్లో పోసి ఇస్తుంటే మాత్రం ఎవరూ నోరెత్తరు. వేడికి, నూనెకు ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి దిగుతాయి. వాటిలోనూ హార్మోన్లను చెడగొట్టేవి ఉన్నాయి. సర్కారు 2015లో పాలసీసాల ప్లాస్టిక్‌లో బిస్‌ఫినాల్ వద్దన్నది. పాలసీసా వదిలిన పిల్లల సంగతి మరిచింది.

మందు లేకపోతే పంట లేదనేవాళ్లు పాల్వంచ దగ్గరి పునుకుల చూసి రావాలి. పత్తి మందుల అప్పుల్లో కూరుకుపోయిన ఊరది. సికింద్రాబాద్ తార్నాకలోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ, స్థానిక సంస్థ ఒకటి తోడు నిలిస్తే, వేప కషాయాలతో, జిగురు అట్టలతో 2004 నాటికి పురుగుమందు లేని ఊరైంది. ముందు నడిచింది మహిళా సంఘాలే. మందుల ఖర్చు మిగిలింది, పంట పోలేదు.

బోయిన్‌పల్లి యార్డులోనే రోజూ కూరగాయల నమూనాలు పరీక్షించి, ఫలితాన్ని గేటు దగ్గర తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టాలి. మిగిలిన 24 మందుల మీద వెనక్కి తగ్గినందుకు కేంద్రం జవాబు చెప్పాలి. మందు మానిన రైతుకు, కౌలుదారుకు, మొదటి రెండేళ్ల నష్టం సర్కారు భరించాలి. సంక్షేమ హాస్టళ్లకు కూరగాయలు అలాంటి ఊళ్ల నుంచే కొనాలి. వ్యవసాయ కార్మిక సంఘాలు ఈ సీజన్లో కూలి రేట్ల చర్చకు కూర్చున్నప్పుడు ఈ కోర్కెలనూ కాగితం మీద పెట్టాలని మేము కోరుతున్నాం.