శిక్ష పోయింది, రక్షణ ఇంకా రాలేదు

పార్లమెంటు ప్రశ్నోత్తరాల జాబితాలో ఆత్మహత్యల ప్రస్తావన లేకుండా ఒక సమావేశం ముగియడం అరుదు. ప్రశ్న సాధారణంగా రైతులను గురించి ఉంటుంది. లేదా కోటా వంటి పట్టణాలలో పోటీ పరీక్షల ఒత్తిడికి నలుగుతున్న విద్యార్థులను గురించి ఉంటుంది. రెండూ అడగవలసిన ప్రశ్నలే. కాని ఇన్నేళ్లుగా ప్రెస్ గ్యాలరీలో కూర్చుంటూ నేను గమనించినదేమంటే, నలభై, యాభై ఏళ్ల వయసులో సంసార భారాన్ని మోస్తున్న మనిషి ఎందుకు కూలిపోతున్నాడన్న ప్రశ్న సభలో వినిపించడం బహు తక్కువ. రైతు తరఫున సంఘాలు మాట్లాడతాయి, విద్యార్థి తరఫున తల్లిదండ్రులు మాట్లాడతారు. నడివయస్కుడు తానే ఇంటికి పెద్ద. అతని తరఫున మాట్లాడేవారు ఎవరు?

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం దేశంలో 2022లో 1,70,924 మంది, 2023లో 1,71,418 మంది ఆత్మహత్య చేసుకున్నారు. 2021 లెక్కను వయసులవారీగా విడదీస్తే 30, 45 ఏళ్ల మధ్యవారే 31.7 శాతం. ఆపైన 60 ఏళ్ల లోపువారిని కూడా కలిపితే మొత్తంలో దాదాపు సగం. ప్రతి పదిమందిలో ఏడుగురు పురుషులు; ప్రతి నలుగురిలో ఒకరు దినకూలీ. తెలంగాణలో ఆత్మహత్యల రేటు 2021, 2022 సంవత్సరాలు రెండింటిలోనూ జాతీయ సగటుకు రెండింతలు దాటింది.

ఇక కారణాల పట్టిక చూద్దాం. మూడింట ఒక వంతు మరణాలకు ఎదురుగా ‘కుటుంబ సమస్యలు’ అని, 18 శాతానికి పైగా మరణాలకు ఎదురుగా ‘అనారోగ్యం’ అని ఉంటుంది. అప్పుల పద్దు కింద చేరేవి నాలుగు శాతం దరిదాపులలోనే. ఈ వివరాలన్నీ పోలీసు రికార్డుల నుంచి వచ్చేవి. అప్పు వల్ల ఇంట్లో గొడవ, గొడవ వల్ల తాగుడు, తాగుడు వల్ల జబ్బు, జబ్బు వల్ల మరింత అప్పు, ఇలా ఒకదానికొకటి ముడివడిన జీవితాన్ని పంచనామా రాసే జమాదారు ఒక్క మాటలో తేల్చవలసి వస్తుంది. ‘కుటుంబ సమస్యలు’ అన్న మాటలో ఏదైనా ఇమిడిపోతుంది. ఆ మాటపై ఏ ప్రభుత్వమూ జవాబుదారీ కానక్కరలేదు.

ఈ లెక్కల వెనుక ఏముంటుందో నాకు కొంత స్వానుభవమే. మా పినతండ్రి కుమారుడు, నాకు వరసకు తమ్ముడు, కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో బట్టల దుకాణం నడిపేవాడు. 2014లో, తన 44వ ఏట, చీటీల బాకీలు మీదపడి, అప్పులవాళ్లు వాకిట్లో వచ్చి కూర్చున్న రోజుల్లో ప్రాణం తీసుకోబోయాడు. అదృష్టవశాత్తు బతికాడు. ఆసుపత్రికి మేము చేరేసరికి వాంగ్మూలం కోసం కానిస్టేబులు వచ్చి ఉన్నాడు. కేసవుతుందన్న భయంతో, పరువు పోతుందన్న భయంతో, మా పెద్దలందరూ డాక్టరును బతిమాలి ‘పొరపాటున జరిగింది’ అని రాయించారు. అలా రాయించినవారిలో నేనూ ఒకణ్ణి. కాగితం మీద పొరపాటు కనుక మానసిక వైద్యునికి చూపించవలసిన పనే లేకపోయింది. కేసు తప్పింది, దానితోపాటు వైద్యమూ తప్పింది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆత్మహత్యాయత్నం నేరమని భారత శిక్షాస్మృతి 309వ సెక్షను చెప్పేది. దానిని తొలగించాలని లా కమిషన్ 1971లోనే సిఫార్సు చేసింది. 1978లో రాజ్యసభ ఆమోదించిన బిల్లు, లోక్‌సభ రద్దు కావడంతో 1979లో మురిగిపోయింది. 1994లో సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టివేసింది. 1996లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానికి మళ్లీ ప్రాణం పోసింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను వచ్చాకగాని, ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి విడిచిపెట్టాలన్న సూత్రం స్థిరపడలేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309కి చోటు లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో లొంగదీయడానికో, అడ్డగించడానికో చేసే ప్రయత్నాన్ని మాత్రం 226వ సెక్షను కింద నేరంగా ఉంచారు. కలెక్టరాఫీసు ముందు చివరి ఆశతో నిలబడిన మనిషిని ఇది ఏమి చేస్తుందో ఆలోచించవలసినదే.

అయితే 115వ సెక్షనుకు రెండో భాగమొకటి ఉంది. ప్రయత్నం చేసిన వ్యక్తికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి అని అది స్పష్టంగా చెబుతుంది. మొదటి భాగం అమలుకు పోలీసులు ఊరుకుంటే చాలు. రెండో భాగానికి మనుషులు, డబ్బు కావాలి. లక్ష జనాభాకు 0.75 మంది మానసిక వైద్యులే ఉన్నారని 2023లో ఆరోగ్య శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం ఎత్తిచూపింది. 2022 నవంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం, 2020తో పోల్చి 2030 నాటికి మరణాలను పది శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ 2020లో మృతులు 1,53,052 మంది. 2023 సంఖ్యను దాని పక్కన పెట్టి చూస్తే మనం ఎటు నడుస్తున్నామో తెలుస్తుంది.

ఇది విధిలిఖితమనుకుని ఊరుకోవడానికీ వీలులేదు. పొరుగున ఉన్న శ్రీలంకలో 1995లో లక్షకు 57గా ఉన్న రేటు 2015 నాటికి 17కు దిగింది. అక్కడ పేదరికం మాయం కాలేదు, అంతర్యుద్ధమూ చాలాకాలం సాగింది. ప్రభుత్వం చేసిన ముఖ్యమైన పని అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించడం. క్షణికావేశంలో ఉన్న మనిషికి ప్రాణాంతకమైనది అందకపోతే ఆ క్షణం గడిచిపోతుంది. గడిచాక బతికినవారిలో అత్యధికులు బతుకువైపే మళ్లుతారు. మన దేశంలో 2020లో 27 మందుల నిషేధానికి ముసాయిదా వెలువడింది. 2023 నాటి తుది ఉత్తర్వు కొద్దింటికే పరిమితమయింది. అప్పుల విషయంలోనూ అంతే. సూక్ష్మరుణాల వసూళ్ల వేధింపులపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010లో ఆర్డినెన్సు తెచ్చింది; ఆ వేధింపులే తరువాత సెల్‌ఫోన్ రుణాల రూపంలో తిరిగి వచ్చాయి. ఆత్మహత్యల నివారణ ఒక్క ఆరోగ్య శాఖ పని కాదు. వ్యవసాయ శాఖ, ఆర్థిక శాఖల పని కూడా.

మా తమ్ముడి సంగతి ముగించాలి. రెండేళ్ల తరువాత, నిద్రలేని రాత్రులు మళ్లీ మొదలైనప్పుడు, అతని భార్య ధైర్యం చేసి సూటిగా అడిగింది: ‘‘మళ్లీ ఆ ఆలోచన వస్తోందా మీకు?’’ అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లకు ఒక భయం. అది నిజం కాదని వైద్యశాస్త్రం చెబుతుంది. ఆ ప్రశ్నకు అతను చాలాసేపు ఏడ్చి, అవునన్నాడు. మర్నాడే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. బంధువులం కూర్చుని బాకీలకు గడువులు మాట్లాడాము. నేడు అతను దుకాణంలోనే ఉన్నాడు.

ఆ ఇల్లాలు అడిగిన ప్రశ్నను మనలో ఎవరైనా అడగవచ్చు. అడిగించుకునే స్థితిలో ఉన్నవారు 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరులో పిలవవచ్చు; ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. కాని ఫోనులో ధైర్యం విన్న మనిషి మర్నాడు వెళ్లడానికి జిల్లా ఆసుపత్రిలో ఒక డాక్టరు ఉండాలి. ఉన్నారా అని మన సభ్యులు సభలో అడగాలి, జిల్లా జిల్లాకూ జవాబు రాబట్టాలి.